నేల మీద తయారై చంద్రునిపై నడచిన ప్రోగ్రాము

అపోలో నౌకలలోని గణనయంత్రమును గురించి చెప్పినప్పుడెల్లా విద్యార్థులు ఒక ప్రశ్న తప్పక అడుగుదురు: "అంత చిన్న యంత్రముతో చంద్రునిపై ఎట్లు దిగినారండీ?" నాకు ఇంతకంటె ముఖ్యముగా తోచు ప్రశ్న మరొకటి కలదు. ఆ యంత్రమునకు కార్డులు చదువు సాధనము లేదు. అచ్చువేయు సాధనమును లేదు. వ్యోమగాములు అంకెలు నొక్కుటకు ఒక మీటల పలక మాత్రమే ఉన్నది. తన ప్రోగ్రామును తాను సిద్ధము చేసుకొను శక్తి దానికి లేదు. మరి ఆ ప్రోగ్రామును దాని భాషలోనికి మార్చినదెవరు? నేల మీదనున్న మరొక పెద్ద యంత్రము.

మనిషి వ్రాసిన ఆజ్ఞలను యంత్రమునకు తెలియు సున్నలుగాను ఒకట్లుగాను మార్చు ప్రోగ్రామును అసెంబ్లరు అందురు. అది ఒక యంత్రము మీద నడచుచు వేరొక యంత్రమునకై మార్చినచో క్రాస్ అసెంబ్లరు. మార్పవలసినది సి వంటి ఉన్నత భాష అయినచో క్రాస్ కంపైలరు. నేడు మన చేతి ఫోనులోని ప్రోగ్రాములలో పెక్కు ఈ విధముగనే బల్ల మీది కంప్యూటరులో తయారై ఫోనులోనికి చేరుచున్నవి.

అపోలో యంత్రమును నిర్మించు పని 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీకి అప్పగింపబడినది. అక్కడి హ్యూ బ్లేర్-స్మిత్ అంతకుముందే 'యూల్' అను క్రాస్ అసెంబ్లరును వ్రాయ మొదలిడినాడు. యూల్ అనగా క్రిస్మస్ పండుగ. ప్రయోగశాలవారు తొలినాటి యంత్రమొకదానిని క్రిస్మస్ నాటికి ముగింపదలచినందున ఆ పేరు వచ్చినది. యూల్ మొదట ఐ.బి.ఎం. 650 మీదను, తరువాత హనీవెల్ యంత్రముల మీదను నడచినది.

పని సులభమైనది కాదు. అపోలో యంత్రపు ఒక్కొక్క పదములో 16 బిట్లు. అందొకటి తప్పు పట్టుటకే. మిగిలిన 15లో 3 ఆజ్ఞకు, 12 చిరునామాకు. మూడు బిట్లతో ఎనిమిది ఆజ్ఞలు మాత్రమే వచ్చును గదా! అవి చాలవు. అందుచేత 'ఆరవ చిరునామాకు పొమ్ము' అను, సాధారణముగా ఎవరికిని అక్కరలేని ఆజ్ఞకు 'తరువాతి ఆజ్ఞను వేరొక అర్థములో చదువుము' అని క్రొత్త అర్థము కల్పించిరి. పిసినారితనమే గాని, ఎంత తెలివైన పిసినారితనము! ఇక 12 బిట్ల చిరునామాతో 4,096 పదములనే చూపగలము. యంత్రములోనివో, మార్చవీలులేనివి 36,864, మార్చదగినవి 2,048. కావున స్థిరస్మృతిని వెయ్యిన్ని ఇరువదినాలుగేసి పదముల గదులుగా విభజించి, ఏ సమయమున ఏ గది తెరచియున్నదో గుర్తుంచుకొనవలసి వచ్చినది. ఏ గది నిండినదో, ఏ ఆజ్ఞ ఎచ్చట కూర్చున్నదో లెక్కకట్టుట యూల్ వంతు.

ఇంతటి జాగ్రత్త ఎందుకన, స్థిరస్మృతి అక్షరాల నేయబడినది. సన్నని తీగ అయస్కాంతపు ఉంగరము గుండా పోయినచో ఒకటి, ప్రక్కనుండి పోయినచో సున్న. అసెంబ్లరు ఫలితమును రంధ్రముల పట్టీ మీదికి ఎక్కించి వాల్తమ్‌లోని రేథియాన్ కర్మాగారమునకు పంపెడివారు. ఆ పట్టీ ప్రకారము యంత్రము సరియైన ఉంగరమును ఎదుటికి తెచ్చి నిలుపగా, స్త్రీలు చేతితో తీగను దూర్చెడివారు. ఇది వారముల తరబడి సాగు పని. నేత ముగిసిన పిమ్మట ఒక్క బిట్టును దిద్దవలెనన్నను తిరిగి నేయవలసినదే.

అందువలన నేతకు ముందే పరీక్ష జరగవలెను. అసెంబ్లరుతోపాటు ప్రయోగశాలవారు అనుకరణ ప్రోగ్రామును కూడ వ్రాసికొనిరి. అది నేలమీది పెద్ద యంత్రములో అపోలో ఆజ్ఞలను ఒక్కొక్కటిగా నడపుచు, నౌక చలనమును సైతము లెక్కకట్టెడిది. చంద్రునిపై దిగుట కాగితముల మీద ఎన్నిమారులో జరిగిన పిదపనే నిజముగా జరిగినది. అపోలో 11 నాటికి యూల్ స్థానమున ఐ.బి.ఎం. 360 మీద నడచు 'గ్యాప్' అను అసెంబ్లరు వచ్చినది.

నేసిన ప్రోగ్రాము మారదనుటలోని కష్టము 1971 ఫిబ్రవరి 5న అపోలో 14కు అనుభవమైనది. దిగుట మాని వెనుకకు మరలుటకు ఏర్పరచిన మీట ఎవరును నొక్కకయే నొక్కినట్లు యంత్రమునకు తోచుచుండెను. అట్లే దిగ మొదలిడినచో నౌక దానంతట అదే వెనుకకు మరలును. అప్పుడు డాన్ ఐల్స్ అను యువకుడు ప్రోగ్రాము ముద్రిత ప్రతిని ముందిడుకొని ఉపాయము కనిపెట్టినాడు. మరలు పని ఇదివరకే సాగుచున్నదని మార్చదగిన స్మృతిలో గుర్తు పెట్టినచో, యంత్రము ఆ మీట వంక చూడనే చూడదు! ఈ అంకెలను రేడియో ద్వారా చెప్పగా, వ్యోమగాములు మీటల పలక మీద నొక్కి సురక్షితముగా దిగిరి. ఏ అంకె ఏ చిరునామాలో నున్నదో ఆ ప్రతిలో అచ్చు వేసిపెట్టినది అసెంబ్లరే.

ఆ ముద్రిత ప్రతులే తరువాత మరొక పనికి వచ్చినవి. 2003లో రొనాల్డ్ బర్కీ అపోలో యంత్రమునకు అనుకరణ ప్రోగ్రామును, యూల్ స్థానమున సామాన్య కంప్యూటరు మీద నడచు క్రొత్త అసెంబ్లరును వ్రాయ ప్రారంభించినాడు. పాత ప్రతులను చూచి ఆజ్ఞలను తిరిగి ఎక్కించునప్పుడు పొరపాటు దొర్లినదేమో తెలియుట ఎట్లు? ప్రతి గది చివరను, ఆ గదిలోని పదములన్నిటి మొత్తము గది సంఖ్యకు సరిపోవునట్లు, పూర్వపు అసెంబ్లరు ఒక పదమును చేర్చియుండెను. వ్రాతలో ఒక్క అంకె తప్పినను మొత్తము కుదరదు. కుదరనిచో ఆ గదిని మొదటినుండి సరిచూచుకొనవలెను.