పిల్లల చికిత్సలో పర్యవేక్షణ: నిమిషాల నుంచి ఏళ్ల వరకు

జంషెడ్‌పూర్: శస్త్రచికిత్స సవ్యంగా ముగిసిందనో, రక్తం ఎక్కించడం పూర్తయిందనో చెప్పినంత మాత్రాన పిల్లల వైద్యం ముగిసినట్లు కాదు. చికిత్స వల్లనే తలెత్తే ఇబ్బందులు కొన్ని నిమిషాల్లో, కొన్ని గంటల్లో, మరికొన్ని నెలలు, ఏళ్లు గడిచాక బయటపడతాయి. ఝార్ఖండ్‌లోని కొల్హాన్ ప్రాంతం 2025 అక్టోబరులో దీన్ని బాధాకరమైన రీతిలో తెలుసుకుంది. జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న పశ్చిమ సింగ్‌భూం జిల్లా కేంద్రం చాయిబాసాలో, తరచూ రక్తం ఎక్కించుకునే ఐదుగురు తలసీమియా బాలలకు హెచ్‌ఐవీ సోకినట్లు పరీక్షల్లో తేలింది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లా సివిల్ సర్జన్‌ను సస్పెండ్ చేసి విచారణకు ఆదేశించింది. చికిత్స పొందే పిల్లలను ఎప్పుడు, ఎలా, ఎంతకాలం గమనించాలన్న ప్రశ్నను ఈ ఉదంతం ముందుకు తెచ్చింది.

పిల్లలకు ప్రత్యేక శ్రద్ధ ఎందుకు?

పిల్లల దేహంలో రక్తం కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే మొత్తం రక్తం ఒక గ్లాసుకు మించదు. పెద్దలకు లెక్కలోనికి రాని రక్తస్రావం శిశువుకు ప్రాణాపాయం కాగలదు. మందుల మోతాదును బరువును బట్టి లెక్కించాలి కనుక, దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది.

మరో తేడా కూడా ఉంది. రక్తం, నీరు తగ్గినప్పుడు పిల్లల గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు కుంచించుకుని కొంతసేపు లోటును కప్పిపుచ్చుతాయి. రక్తపోటు పడిపోవడం వారిలో చివరి సంకేతం. అందువల్ల అంతకు ముందే కనిపించే గుర్తులను పట్టుకోవాలి. శ్వాస, నాడి వేగం పెరగడం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం వాటిలో ముఖ్యమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం రెండు నెలల లోపు శిశువు నిమిషానికి 60 సార్లు, ఏడాది లోపు శిశువు 50 సార్లు, ఐదేళ్ల లోపు పిల్లలు 40 సార్లు లేదా అంతకు మించి శ్వాసిస్తే దానిని వేగవంతమైన శ్వాసగా పరిగణించాలి.

తొలి నిమిషాలు

రక్తం ఎక్కించేటప్పుడు తీవ్రమైన ప్రతిచర్యలు తరచుగా ఆరంభంలోనే మొదలవుతాయి. కాబట్టి తొలి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తూ బిడ్డ పక్కనే ఉండి గమనించడం నియమం. జ్వరం, వణుకు, దద్దుర్లు, ఆయాసం, నడుము నొప్పి కనిపిస్తే వెంటనే రక్తం ఆపి వైద్యుణ్ణి పిలవాలి. శీతలపేటిక నుంచి తీసిన రక్తాన్ని నాలుగు గంటల్లోపు ఎక్కించడం పూర్తిచేయాలి. ఇలాంటి ప్రతిచర్యల సమాచారాన్ని దేశవ్యాప్తంగా సేకరించే హీమోవిజిలెన్స్ కార్యక్రమం 2012 డిసెంబరు 10న ప్రారంభమైంది.

శస్త్రచికిత్స అనంతర గంటలు

మత్తు నుంచి తేరుకునే వేళ శ్వాసమార్గం మూసుకుపోవడం, ఆక్సిజన్ తగ్గడం, శరీరం చల్లబడటం ప్రధాన ప్రమాదాలు. పల్స్ ఆక్సీమీటర్ మొదటి రెంటిని పసిగట్టడంలో తోడ్పడుతుంది కానీ, ఛాతీ ఎగుడుదిగుడులను చూసే కంటికి అది ప్రత్యామ్నాయం కాదు. సెలైన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉప్పు శాతం తక్కువగా ఉన్న ద్రవాలు రక్తంలో సోడియంను తగ్గించి, తలనొప్పి, వాంతులు, మగత, చివరకు మూర్ఛలకు దారితీయవచ్చు. అందుకే 2018లో అమెరికా శిశువైద్య అకాడమీ చాలామంది పిల్లలకు రక్తంతో సమాన సాంద్రత గల ద్రవాలనే వాడాలని సూచించింది.

కొల్హాన్‌లో మరో అంశాన్ని విస్మరించలేం. గిరిజన జనాభా అధికంగా ఉన్న ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. ఈ వ్యాధి ఉన్న బిడ్డకు శస్త్రచికిత్స చేస్తే నీరు, వెచ్చదనం, ఆక్సిజన్‌లలో ఏది తగ్గినా రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి నాళాలకు అడ్డుపడతాయి. తర్వాతి రోజుల్లో జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే అత్యవసరంగా భావించాలి. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపాలని లక్ష్యం పెట్టుకుంది. వ్యాధి ఉన్నదని ముందే తెలిస్తే శస్త్రచికిత్సకు తగిన ఏర్పాట్లు చేసుకునే వీలుంటుంది.

నెలలు, సంవత్సరాలు

తలసీమియా బాలలకు రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం అవసరమవుతుంది. ప్రతి యూనిట్‌తో పాటు ఇనుము ఒంట్లో చేరి గుండె, కాలేయం, గ్రంథులను దెబ్బతీస్తుంది. ఫెర్రిటిన్ పరీక్షను మూడు నెలలకోసారి చేయించడం, ఎదుగుదలను నమోదు చేయడం ఇందుకే.

మన దేశంలో సేకరించే ప్రతి యూనిట్ రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయితే కొత్తగా వైరస్ సోకిన దాతలో అది పరీక్షకు చిక్కని వ్యవధి కొంత ఉంటుంది. న్యాట్ పరీక్ష ఆ వ్యవధిని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తొలగించదు. కాబట్టి రక్తం పొందే బాలలకు కనీసం ఏడాదికోసారి ఈ వైరస్‌ల పరీక్షలు చేయాలి. ఏ యూనిట్ ఏ దాత నుంచి వచ్చి, ఏ తేదీన ఏ బిడ్డకు వెళ్లిందో నమోదై ఉండాలి. అవి సరిగా ఉంటేనే ఒకరికి సోకిన వ్యాధి మూలం తెలుస్తుంది, మరొకరికి సోకకుండా ఆపడం సాధ్యమవుతుంది.

తల్లి మాట

నొప్పిని చెప్పలేని పసివారి కోసం ముఖం, కాళ్ల కదలిక, ఏడుపు, ఓదార్పుకు స్పందన వంటివి చూసి అంకెలు వేసే పద్ధతులున్నాయి. ప్రవర్తన, రక్తప్రసరణ, శ్వాసలకు మార్కులు వేసి ముందస్తు హెచ్చరిక ఇచ్చే విధానాన్ని ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో రూపొందించి 2005లో ప్రచురించారు. అయితే ఈ అంకెలన్నీ బిడ్డను కొద్ది గంటలుగా మాత్రమే ఎరిగినవారు వేసేవి. 'ఎప్పటిలా లేడు' అనే తల్లి మాటకు పుట్టినప్పటి నుంచి బిడ్డను చూసిన అనుభవం ఆధారంగా ఉంటుంది. కుటుంబ సభ్యులు కోరితే మరో వైద్య బృందం బిడ్డను పరీక్షించే ఏర్పాటు ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో 2024 నుంచి 'మార్తా నియమం' పేరిట అమలవుతోంది.

ఉక్కు పరిశ్రమ చుట్టూ ఎదిగిన జంషెడ్‌పూర్‌లో టాటా మెయిన్ హాస్పిటల్, 1961లో ఏర్పాటైన మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల ఆస్పత్రి ప్రధానమైనవి. ఈ ప్రాంతంలో హో, సంతాలీ, బంగ్లా, ఒడియా, హిందీతో పాటు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల భాష కూడా వినిపిస్తుంది. తల్లి భాష నర్సుకు అర్థం కాకపోతే బిడ్డ గురించిన తొలి హెచ్చరికే చెవికెక్కదు. అందువల్ల ఇంటికి పంపేటప్పుడు ప్రమాద సూచనలు, మళ్లీ రావలసిన తేదీ, ఎక్కించిన రక్తం వివరాలు కుటుంబానికి తెలిసిన భాషలో రాసి ఇవ్వడం కూడా పర్యవేక్షణలో భాగమే. ఆ కాగితాన్ని భద్రపరచి, ప్రతి సందర్శనకూ వెంట తీసుకెళ్లడం కుటుంబం చేయగల మేలు.