కర్ట్‌లాండ్ వార్బ్లర్: నియత ప్రాంతమునకు వెలుపలి గ్రీష్మ దర్శనములు

కర్ట్‌లాండ్ వార్బ్లర్ ఉత్తర అమెరికాలోని అరుదైన గానపక్షులలో ఒకటి. సుమారు 14 గ్రాముల బరువు, నీలిబూడిద వన్నె వీపు, పసుపు పొట్ట, కంటి చుట్టును నడుమనడుమ తెగిన తెల్లని వలయము, క్షణమైనను నిలుకడలేక క్రిందికి మీదికి ఆడు తోక దీని ఆనవాళ్లు. శీతకాలమును బహామా దీవులలో గడపి, వేసవికి మిషిగన్ రాష్ట్రపు ఇసుకనేలలను చేరి, జాక్ పైన్ చెట్ల మొదట, గడ్డిచాటున, నేలమీదనే గూడు కట్టును. అదియు ఏ చెట్లనైన నొల్లదు: అయిదేండ్లకు పైబడి ఇరువదేండ్లకు లోబడిన వయసుండి, అడుగుకొమ్మలు నేలనంటు చెట్లే కావలెను. జాక్ పైన్ కాయలు మంట సోకినగాని చక్కగా విచ్చుకొనవు గనుక, ఈ పిట్ట కాపురము తరతరములుగా కార్చిచ్చునే నమ్ముకొని సాగినది.

1851 మే 13న ఒహాయో రాష్ట్రమున, క్లీవ్‌లాండ్ సమీపముననున్న జారెడ్ కర్ట్‌లాండ్ పొలములో, ఆయన అల్లుడు చార్లెస్ పీజ్ దీనిని తుపాకితో కొట్టగా, మరుసటి సంవత్సరము స్పెన్సర్ బెయిర్డ్ దీనికి కర్ట్‌లాండ్ పేరు పెట్టెను. అది దారిన పోవు వలసపిట్ట; దాని ఇల్లెక్కడో అర్ధశతాబ్దము వరకు ఎవ్వరికిని తెలియలేదు. 1903లో నార్మన్ వుడ్ మిషిగన్‌లోని ఆస్కోడా కౌంటీలో తొలి గూటిని కనుగొనెను. పిమ్మట తొమ్మిది దశాబ్దముల వరకు ఆ రాష్ట్రమున దొరకిన గూళ్లు దాదాపు అన్నియు ఆ చోటికి అరువది మైళ్ల లోపలివే యగుటచే, అదియే ఈ జాతికి ఎల్లయను విశ్వాసము స్థిరపడెను.

ఆ ఎల్లకు వెలుపలి దర్శనముల చరిత్ర నిజమునకు శ్రవణముల చరిత్ర. దీని లెక్కలు పాడు మగపక్షుల లెక్కలు. 1951నాటి తొలి గణనలో వినవచ్చినవి 432. పావుమైలు దూరము వినబడు పాట యగుటచే, కెనడాలోని పెటవావా జాక్ పైన్ వనములలోనో, విస్కాన్సిన్‌లోనో జూన్ మాసమున ఒంటరి మగపక్షి కూసినచో గుర్తింపబడెడిదే. కాని ఆడుపక్షి రాక, గూడు లేక, ఋతువంతయు శూన్యవనమునకు పాడి వెడలిపోవు దానిని శాస్త్రజ్ఞులు దారి తప్పినదనిరి. ఈ మాట కొంత తొందరపాటని తోచుచున్నది. అంటారియోలోని బారీ సమీపమున 1945లోనే సంతానోత్పత్తి నమోదైయుండెను గదా.

1971 నాటికి సంఖ్య 201కి పడెను. కోకిల కాకిగూటిలో గుడ్డిడు చందమున, కౌబర్డు అను పక్షి దీని గూళ్లలో తన గుడ్లను పెట్టి, దీని పిల్లల నోటి తిండిని తన పిల్లలకు దక్కించుటయే దానికి ముఖ్యకారణము. 1972 నుండి బోనులు పెట్టి కౌబర్డులను తొలగించినను, తగిన వయసు అడవి చాలక, 1987లో కూడ లెక్క 167కి మించలేదు. అట్టి అడవిని మొలిపించుటకై 1980 మేలో అటవీశాఖవారు ఉద్దేశపూర్వకముగా పెట్టిన నిప్పు అదుపు తప్పి, మిషిగన్‌లోని మాక్ సరస్సు ప్రాంతమున ఇండ్లను దహించి, ఒక ఉద్యోగి ప్రాణమును గొనెను. ఆ బూడిదలో మొలచిన పైన్ వనమే పదేండ్లకు ఈ పక్షికి పెద్ద నివాసమాయెను.

ఇల్లు నిండగా పొరుగూళ్ల పాటలకు అర్థము మారెను. 1990ల నడుమ మిషిగన్ ఉత్తర ద్వీపకల్పమునను, 2007లో విస్కాన్సిన్ ఆడమ్స్ కౌంటీలోను, పెటవావాలోను గూళ్లు కనబడెను. 2019లో అమెరికా ప్రభుత్వము దీనిని ఆపన్నజాతుల పట్టికనుండి తొలగించెను. ఆడమ్స్ కౌంటీలో పక్షులు చేరినది గ్రంథములు వర్ణించిన వనము కాదు: వరుసలలో నాటిన ఎర్ర పైన్ మొక్కలు చచ్చిన ఖాళీలలో జాక్ పైన్ తనంత మొలచిన తోట. కౌబర్డులును అక్కడికి వెంటనే చేరినందున, మరుసటి వేసవికే అచ్చటను బోనులు పెట్టవలసివచ్చెను.