శ్రవ్యకథలో సంగీతం, ధ్వనుల ఎంపిక: మూడు రేడియో నాటకాల పరిశీలన

వ్యాససంగ్రహం:
శ్రవ్యకథలోని సంగీతం, పరిసర ధ్వనులు అలంకారమాత్రాలా, కథార్థాన్ని మోసే అంగాలా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. 1924, 1938, 1957 సంవత్సరాలలో ఆంగ్లంలో ప్రసారమైన మూడు రేడియో నాటకాలు ఇందుకు ఆధారం. ధ్వనుల ఎంపికకు సహజత్వం కన్న వ్యంజకత్వమే ముఖ్య ప్రమాణమని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: రేడియో నాటకం, శ్రవ్యకథ, నేపథ్య సంగీతం, ధ్వని, వ్యంజకత్వం, నిశ్శబ్దం.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'ధ్వని' అనే పదానికి రెండర్థాలున్నాయి. వ్యవహారంలో అది చెవికి వినిపించే చప్పుడు. అలంకారశాస్త్రంలో అది వాచ్యార్థాన్ని దాటి స్ఫురించే అర్థం. 9వ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు దీనినే కావ్యానికి ఆత్మగా ప్రతిపాదించాడు. ఈ రెండర్థాలూ శ్రవ్యకథలో ఒకచోట కలుస్తాయి. తలుపు కిర్రుమంటే, తలుపు తెరుచుకొన్నదన్నది వాచ్యం. వచ్చినవారెవరన్న శంక వ్యంగ్యం. రంగస్థలంపై తెర, దీపం, ఆహార్యం పంచుకొనే పనిని ఇక్కడ శబ్దమే నిర్వహించాలి. అందువల్ల ఏ చప్పుడును ఉంచాలి, దేనిని వదలాలి అన్నది రేడియో నాటకం పుట్టినప్పటి నుంచీ ఉన్న సమస్య.

2. గనిలోని చీకటి - 'డేంజర్':
రిచర్డ్ హ్యూస్ రచించిన 'డేంజర్' 1924 జనవరి 15న బి.బి.సి.లో ప్రసారమైంది. ప్రత్యేకంగా రేడియో కోసమే రాసిన తొలి నాటకాలలో ఇది ఒకటి. నైజెల్ ప్లేఫెయిర్ దీనిని నిర్వహించాడు. వేల్స్‌లోని బొగ్గుగనిని చూడవచ్చినవారు దీపాలారిపోయి లోపల చిక్కుకుపోవడం ఇందులోని ఇతివృత్తం. పాత్రలకూ శ్రోతకూ చీకటి సమానమైనందువల్ల, కనిపించకపోవడమనే లోపమే కథావస్తువుగా మారింది.

ఇందులో దూరాన ఉన్న గని కార్మికుల పాట వినిపించాలి. గాయకబృందాన్ని స్టూడియో బయటి నడవాలో నిలిపి, తలుపు తీస్తూ మూస్తూ ఆ పాట స్థాయిని మార్చారు. ఇక్కడ పాట విరామాన్ని నింపడానికి రాలేదు. గనిలో మరికొందరు బతికే ఉన్నారన్న విషయాన్నీ, వారికీ వీరికీ నడుమనున్న దూరాన్నీ అదే తెలిపింది.

3. సంగీతం ఆగిన చోటు - 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్':
హెచ్.జి. వెల్స్ నవలను ఆర్సన్ వెల్స్ బృందం నాటకంగా మలచి 1938 అక్టోబరు 30న అమెరికాలోని సి.బి.ఎస్. రేడియోలో ప్రసారం చేసింది. సంగీత నిర్వాహకుడు బెర్నార్డ్ హెర్మన్. హోటలులో జరుగుతున్న నృత్యసంగీత కచేరీకి మధ్యమధ్య వార్తలు అడ్డువచ్చినట్లు ఈ నాటకం మొదలవుతుంది. అంగారకవాసుల దాడి కథకు భీతిగొలిపే సంగీతాన్ని ఎన్నుకొని ఉంటే, ఇది కల్పన అని శ్రోతకు ముందే తెలిసిపోయేది. సాధారణమైన నృత్యసంగీతం అసాధారణమైన వార్తకు నమ్మకాన్ని సమకూర్చింది. దాడిని వర్ణిస్తున్న విలేఖరి గొంతు మాట మధ్యలో తెగిపోతుంది. ఆ తరువాతి నిశ్శబ్దం అతని మరణాన్ని సూచిస్తుంది. నిశ్శబ్దం కూడా ఎన్నుకొనవలసిన ధ్వనియేనని ఈ ఘట్టం నిరూపిస్తుంది.

4. సహజత్వంపై వివాదం - 'ఆల్ దట్ ఫాల్':
శామ్యూల్ బెకెట్ ఈ నాటకాన్ని బి.బి.సి. కోసం రచించాడు. డొనాల్డ్ మెక్‌విన్నీ నిర్వహణలో 1957 జనవరి 13న ఇది ప్రసారమైంది. ఐర్లండ్ పల్లెలో మ్యాడీ రూనీ అనే వృద్ధురాలు, అంధుడైన భర్త డాన్‌ను ఇంటికి తోడ్కొని రావడానికి స్టేషన్‌కు నడిచివెళ్తుంది. రైలు ఆలస్యంగా వస్తుంది. ఆలస్యానికి కారణం చివరిదాకా తెలియదు.

నాటకారంభంలో గొర్రె, పక్షి, ఆవు, కోడి కూతలు మొదట విడివిడిగా, తరువాత కలిసి వినిపించాలని రచయిత సూచించాడు. మెక్‌విన్నీ వాటిని మనుషులచేత పలికించాడు. అసలు జంతువుల అరుపులు పల్లెను యథాతథంగా నిలుపుతాయి. ఈ నాటకానికి కావలసినది మ్యాడీ మనసులో లయబద్ధంగా కదిలే పల్లె అన్నది అతని దృష్టి. బెకెట్‌కు ఈ ప్రయోగం సంతృప్తినివ్వలేదు. ధ్వని విషయంలో రచయిత సూచన ఎక్కడ ముగిసి, నిర్వాహకుని వ్యాఖ్యానం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది.

సంగీతం ఎంపికలో మాత్రం అటువంటి సందిగ్ధత లేదు. దారిపక్కన శిథిలమైన ఇంటిలో ఒంటరిగా ఉండే స్త్రీ ఒకే రికార్డును మళ్లీమళ్లీ వింటుంటుంది. అది షూబర్ట్ రచించిన 'డెత్ అండ్ ది మెయిడెన్'. వాచ్యంగా అది ఆమె ఒంటరితనానికీ, ఆ దారికీ గుర్తు. మృత్యువూ కన్యా అన్న ఆ పేరులోని జంట మాత్రం రాబోయే విషాదాన్ని సూచిస్తుంది. ఒక పసిబిడ్డ బండిలోనుంచి జారి చక్రాల కింద పడడంవల్లనే రైలు ఆగిందని చివరన తెలుస్తుంది. దానితో డాన్‌కు సంబంధమున్నదా అన్న శంకను నాటకం తీర్చదు. అక్కడ విషాద సంగీతం వినిపిస్తే అది తీర్పు చెప్పినట్లయ్యేది. బెకెట్ గాలివానను, ఈడ్చుకొనిపోయే అడుగుల చప్పుడును మాత్రమే మిగిల్చాడు.

మరుసటి ఏడాది, 1958లో, బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాప్ ఏర్పడింది. ఈ నాటక ధ్వనులపై పనిచేసిన డెస్మండ్ బ్రిస్కో దాని స్థాపకులలో ఒకడు.

5. ముగింపు:
ఈ మూడు నాటకాల నుంచి మూడు ప్రమాణాలను గ్రహించవచ్చు. మొదటిది, ధ్వనికి కథలో చోటూ కారణమూ ఉండాలి. రెండవది, సంగీతం శ్రోత భావాన్ని ముందుగా నిర్ణయించరాదు. మూడవది, మాట చెప్పినదానినే చప్పుడు తిరిగి చెప్పినచో పునరుక్తి దోషం కలుగుతుంది.

1938లో మద్రాసు, 1948లో విజయవాడ రేడియో కేంద్రాలు ప్రారంభమైన తరువాత తెలుగు నాటకానికీ శ్రవ్యరూపం విస్తరించింది. నేడు సిద్ధంగా దొరికే సంగీతపు తునకలతో ఎవరైనా శ్రవ్యకథను రూపొందించగలరు. సాధనాలు సులభమైనకొద్దీ విచక్షణ అవసరం పెరుగుతుంది. రేడియో నాటకాన్ని రచనగా మాత్రమే చదివే విమర్శ, దానిలోని సగం అర్థాన్ని వదిలిపెడుతుంది. చప్పుడును, సంగీతాన్ని, నిశ్శబ్దాన్ని పాఠంలో భాగంగా వినే విమర్శకు ధ్వనిసిద్ధాంతం తెలుగులో సిద్ధంగా ఉన్న పనిముట్టు.