విదేశీ ఆటగాడా, అకాడమీ కుర్రాడా? జంషెడ్‌పూర్ ఫుట్‌బాల్ చెప్పే లెక్క

జంషెడ్‌పూర్: ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేరు వ్యవసాయ పనిముట్ల బ్రాండు నుంచి వచ్చింది. కంపెనీ క్వార్టర్లు, వాటిని ఆనుకుని మైదానాలు ఉన్న ఇలాంటి కాలనీలలో సాయంత్రమైతే ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కనిపిస్తారు. కర్మాగారంలో ఉద్యోగాల కోసం వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ వారిలో ఉంటారు. ఆ మైదానాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో దేశంలోనే పేరున్న ఒక ఫుట్‌బాల్ అకాడమీ, ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే ఒక క్లబ్ ఉన్నాయి. అయితే ఆ క్లబ్ జట్టులో కీలక స్థానాలలో ఎక్కువ కాలం ఆడింది స్కాట్లాండ్, స్పెయిన్, బ్రెజిల్, ఇంగ్లండ్ దేశాల నుంచి వచ్చినవారు.

విదేశీ ఆటగాడిపై డబ్బు పెట్టాలా, స్థానిక ప్రతిభను పెంచుకోవాలా అన్నది ప్రపంచమంతటా క్రీడా జట్ల యాజమాన్యాలు ఏటా ఎదుర్కొనే ప్రశ్న. అమెరికా బేస్‌బాల్ జట్లు దీనిపై విస్తృతమైన వ్యవస్థలనే నిర్మించుకున్నాయి. భారతదేశంలో ఈ ప్రశ్న స్పష్టంగా కనిపించే చోట్లలో జంషెడ్‌పూర్ ఒకటి.

అకాడమీ ముందు, క్లబ్ తరువాత

టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో ప్రారంభమైంది. అప్పట్లో టాటా స్టీల్‌కు రూసీ మోదీ సారథిగా ఉన్నారు. 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన భారత జట్టు కెప్టెన్ చునీ గోస్వామి అకాడమీకి తొలి డైరెక్టర్. దేశం నలుమూలల నుంచి ఎంపికైన బాలురకు వసతి, చదువు, శిక్షణ కల్పించడం దీని పద్ధతి. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ, దీపక్ మండల్, సుబ్రతా పాల్, రాబిన్ సింగ్, ఉదాంత సింగ్ ఇక్కడ శిక్షణ పొంది జాతీయ జట్టుకు ఆడారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు 2022లో అధ్యక్షుడైన కల్యాణ్ చౌబే కూడా ఈ అకాడమీ విద్యార్థే.

దేశీయ అగ్రశ్రేణి లీగ్‌లో జంషెడ్‌పూర్‌కు సొంత క్లబ్ 2017లో గాని ఏర్పడలేదు. అంటే ముప్పై ఏళ్ల పాటు ఇక్కడ తయారైన ఆటగాళ్లు కోల్‌కతా, గోవా, పంజాబ్, బెంగళూరు క్లబ్‌లకు వెళ్లారు. శిక్షణ ఖర్చు ఒకరిది, ఫలితం మరొకరిది అయింది. అకాడమీని లాభనష్టాల దృష్టితో కాక కంపెనీ సామాజిక బాధ్యతగా చూసినందువల్లే ఇది సాగింది.

2017లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ ప్రవేశించింది. ఇంగ్లండ్‌కు చెందిన స్టీవ్ కోపెల్ తొలి కోచ్. ఆ ఏడాది దేశీయ ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో క్లబ్ తొలి ఎంపిక కేరళ డిఫెండర్ అనస్ ఎడతోడిక. ఆయన ధర రూ.1.10 కోట్లు. అకాడమీ పూర్వ విద్యార్థి, గోల్‌కీపర్ సుబ్రతా పాల్‌ను కూడా క్లబ్ ఆ డ్రాఫ్ట్‌లోనే తీసుకుంది. తన పెరట్లో పెరిగిన ఆటగాడిని కొత్త క్లబ్ మార్కెట్ ధర చెల్లించి తెచ్చుకోవలసి వచ్చింది.

పేరు కొన్నప్పుడు, ఆట కొన్నప్పుడు

విదేశీ ఆటగాళ్ల ఎంపికలో జంషెడ్‌పూర్ రెండు భిన్నమైన అనుభవాలు చూసింది.

మొదటిది 2018లో ఆస్ట్రేలియా దిగ్గజం టిమ్ కేహిల్‌తో కుదిరిన ఒప్పందం. 2006, 2010, 2014 ప్రపంచ కప్‌లలో గోల్స్ చేసిన ఆటగాడు ఆయన. జంషెడ్‌పూర్‌కు వచ్చేనాటికి వయసు 38 ఏళ్లు. ఆ సీజన్‌లో 11 మ్యాచ్‌లు ఆడి 2 గోల్స్ చేసి, 2019లో ఆట నుంచి వైదొలిగారు. క్లబ్ పేరు విదేశీ పత్రికలకు ఎక్కింది గాని, ఆ ఏడాది జట్టు ఐదో స్థానంతో సరిపెట్టుకుని ప్లేఆఫ్‌కు దూరమైంది.

రెండోది 2021లో స్కాట్లాండ్ ఆటగాడు గ్రెగ్ స్టీవర్ట్ రాక. కేహిల్‌తో పోలిస్తే ప్రపంచానికి తెలియని పేరు. కోచ్ ఓవెన్ కోయిల్‌కు స్కాట్లాండ్ ఫుట్‌బాల్ బాగా తెలుసు. జట్టుకు ఏ స్థానంలో ఎవరు కావాలో చూసి చేసిన ఎంపిక ఇది. 2021-22 సీజన్‌లో స్టీవర్ట్ 10 గోల్స్ చేసి, మరో 10 గోల్స్‌కు సహకరించి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యారు. 2022 మార్చి 7న ఏటీకే మోహన్ బగాన్‌పై 1-0తో గెలిచి జంషెడ్‌పూర్ 20 మ్యాచ్‌లలో 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ అందుకుంది. ఆ ఏకైక గోల్ చేసింది భారత ఆటగాడు రిత్విక్ దాస్.

ఆ తరువాత జరిగింది కూడా లెక్కలో భాగమే. సీజన్ ముగియగానే కోయిల్ వెళ్లిపోయారు. స్టీవర్ట్ ముంబయి సిటీకి మారారు. 2022-23లో ముంబయి సిటీ షీల్డ్ గెలవగా, జంషెడ్‌పూర్ పదో స్థానానికి పడిపోయింది. ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత కోసం 2023 ఏప్రిల్‌లో జరిగిన మ్యాచ్‌లో అదే ముంబయి చేతిలో 3-1తో ఓడింది. స్వల్పకాలిక ఒప్పందంపై వచ్చిన విదేశీ ఆటగాడు బాగా ఆడితే మరో క్లబ్ తీసుకుపోతుంది. ఆడకపోతే జీతం భారం మిగులుతుంది. ఒప్పందం ముగిశాక వెళ్లేవారి నుంచి బదిలీ రుసుము రాదు.

బేస్‌బాల్ నేర్పిన పాఠం

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. అక్కడ విదేశీ కుర్రాళ్లే చవకైన వనరుగా పేరు పొందారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు డొమినికన్ రిపబ్లిక్‌లో కాంపో లాస్ పాల్మాస్ అకాడమీని ప్రారంభించింది 1987లోనే. అంటే జంషెడ్‌పూర్ అకాడమీ పుట్టిన ఏడాదే. నేడు లీగ్‌లోని 30 జట్లకూ ఆ చిన్న ద్వీప దేశంలో అకాడమీలు ఉన్నాయి. లీగ్ ఆటగాళ్లలో నాలుగో వంతుకు పైగా అమెరికా వెలుపల పుట్టినవారే.

అమెరికా పాఠశాలలు, కళాశాలల ఆటగాళ్లను జట్లు డ్రాఫ్ట్ ద్వారా వంతులవారీగా ఎంచుకుంటాయి. విదేశీ కుర్రాళ్లతో 16 ఏళ్ల వయసు నుంచి నేరుగా ఒప్పందం చేసుకోవచ్చు. ఒకప్పుడు ధనిక జట్లు దీనికి హద్దు లేకుండా ఖర్చు చేసేవి. 2016 చివర కుదిరిన కార్మిక ఒప్పందం ప్రతి జట్టుకూ బోనస్‌లపై దాటరాని పరిమితి విధించింది. జపాన్ తార షోహెయ్ ఒహ్తానీ 2017 డిసెంబరులో ఏంజెల్స్‌లో చేరినప్పుడు వయసు 23 ఏళ్లే కనుక ఈ పరిమితి వర్తించింది. ఆయనకు దక్కిన బోనస్ 23.15 లక్షల డాలర్లు. జపాన్ క్లబ్‌కు మరో 2 కోట్ల డాలర్లు వెళ్లాయి. ఆరేళ్ల తరువాత అదే ఆటగాడు డాడ్జర్స్‌తో 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన ఆటగాడిపై జట్టుకు దాదాపు ఆరేళ్ల హక్కు ఉంటుంది. చవక అన్న మాటకు అసలు ఆధారం ఆ హక్కే.

భారత్‌లోనూ బేస్‌బాల్ వెతుకులాట ఒకసారి జరిగింది. 2008లో టెలివిజన్ పోటీ ద్వారా వెలుగులోకి వచ్చిన ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకుంది. ఇద్దరూ దిగువ స్థాయి లీగ్‌లలో ఆడారు గాని మేజర్ లీగ్ చేరలేదు. చిన్నతనం నుంచి ఆ ఆట వాతావరణంలో పెరగనివారిని కొద్ది నెలల శిక్షణతో ఆ స్థాయికి చేర్చడం ఎంత కష్టమో ఆ ప్రయత్నం చూపింది.

నిబంధనలు ఎటు మొగ్గాయి

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు తుది జట్టులో ఆరుగురు విదేశీయులు ఆడవచ్చు. 2017-18లో ఆ సంఖ్య ఐదుకు, 2021-22లో నాలుగుకు తగ్గింది. ప్రతి క్లబ్ కనీసం నలుగురు యువ ఆటగాళ్లను అభివృద్ధి కోటాలో నమోదు చేయాలన్న నిబంధన కూడా 2021-22లోనే వచ్చింది. దీనితో క్లబ్‌ల లెక్క మారింది. మైదానంలో ఏడుగురు భారతీయులు తప్పనిసరి కావడంతో మంచి దేశీయ ఆటగాళ్లకు గిరాకీ, దానితో పాటు ధర పెరిగాయి. చవక వనరు అనుకున్నది చవకగా దొరకకుండా పోయింది. సొంత అకాడమీ ఉన్న క్లబ్‌కు దాని విలువ తెలిసింది ఇక్కడే.

అయితే సంఖ్య తగ్గినా స్థానాలు మారలేదు. ఉన్న నాలుగు అవకాశాలను క్లబ్‌లు ఎక్కువగా స్ట్రైకర్, మధ్య మైదానం, సెంట్రల్ డిఫెన్స్‌లకే వాడుతున్నాయి. 2014 నుంచి 2024-25 వరకు జరిగిన 11 సీజన్లలో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారీ భారత ఆటగాడికి దక్కలేదు. క్లబ్‌కు లాభించే ఎంపిక జాతీయ జట్టుకు లోటుగా మారుతోందన్న విమర్శ ఇందువల్లనే.

హైదరాబాద్ అనుభవం

జంషెడ్‌పూర్ షీల్డ్ గెలిచిన ఏడాదే నాకౌట్ టైటిల్ తెలుగు నేలకు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించింది. 2019-20లో అట్టడుగున నిలిచిన ఆ జట్టు రెండేళ్లలో శిఖరానికి చేరింది. కోచ్ మనోలో మార్క్వెజ్ రెండు వనరులనూ కలిపారు. నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ చేయగా, ఆశీష్ రాయ్, ఆకాశ్ మిశ్రా వంటి యువకులు వెనుక వరుసను నిలబెట్టారు. తరువాత ఆశీష్ మోహన్ బగాన్‌కు, ఆకాశ్ ముంబయికి వెళ్లారు.

కాని ఆ విజయానికి ఆర్థిక పునాది లేకపోయింది. జీతాల బకాయిల వివాదాలతో 2023-24లో జట్టు చెదిరింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. 1962లో భారత్‌కు ఆసియా స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌కు చెందినవారు. ఆ ఫైనల్లో గోల్ చేసిన పి.కె.బెనర్జీ జంషెడ్‌పూర్‌లో ఆట నేర్చినవారు. అంతటి చరిత్ర గల రెండు నగరాలలో ఒకదానికి నేడు అగ్రశ్రేణి క్లబ్ లేదు. వెనుక నిలిచే సంస్థ, మైదానం, అకాడమీ ఉన్న నగరంలో మాత్రం క్లబ్ నిలిచింది.

శిక్షణకు దక్కే ప్రతిఫలం ఎంత

ఆటగాడిని పెంచిన సంస్థకు న్యాయం చేసేందుకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా రెండు ఏర్పాట్లు చేసింది. మొదటిది శిక్షణ పరిహారం: ఆటగాడు తొలిసారి వృత్తిపరమైన ఒప్పందం చేసుకున్నప్పుడు, 23 ఏళ్లు నిండే క్యాలెండర్ సంవత్సరం ముగిసేవరకు దేశం మారి బదిలీ అయినప్పుడు చెల్లించేది. రెండోది సంఘీభావ చెల్లింపు: ఒప్పందం మధ్యలో విదేశీ క్లబ్‌కు బదిలీ జరిగితే రుసుములో 5 శాతాన్ని, 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్‌లు పంచుకుంటాయి.

దీని వాస్తవ విలువ ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి ఏడాదికి 0.5 శాతం లెక్కిస్తారు. 14 నుంచి 17 ఏళ్ల వరకు నాలుగేళ్లు శిక్షణ పొందిన ఆటగాడు రూ.కోటి రుసుముకు బదిలీ అయితే, శిక్షణ ఇచ్చిన క్లబ్‌కు దక్కేది 1.5 శాతం, అంటే రూ.1.5 లక్షలు. నాలుగేళ్ల భోజనం, వసతి, చదువు, కోచ్‌ల జీతాలకు అది ఏ మూలకూ చాలదు. బదిలీ రుసుములు కోట్లలో ఉండే ఐరోపాలో ఈ విధానం చిన్న క్లబ్‌లను నిలబెడుతుంది. ఒప్పందం ముగిశాక ఉచితంగా మారడమే ఎక్కువైన భారత్‌లో నిలబెట్టలేదు.

చవక ధరలో దాగిన ఖర్చులు

అకాడమీ మార్గానికి తనవైన నష్టభయాలు ఉన్నాయి. ఒక బృందంలో చేరిన బాలురలో వృత్తి ఆటగాళ్లయ్యేది కొద్దిమందే. మిగిలినవారి శిక్షణ ఖర్చు కూడా ఆ కొద్దిమంది ఖాతాలోకే చేరుతుంది. ఫలితానికి ఐదారేళ్లు ఆగాలి. భారత కోచ్‌లకు అంత గడువు అరుదు.

వయసు ధ్రువీకరణ మరో సమస్య. 2018లో లీగ్‌లో అతి పిన్న వయసు గోల్ రికార్డు నమోదు చేశాడనుకున్న ఒక కుర్రాడి విషయంలో పత్రాలలోని తేడాలు బయటపడి, సమాఖ్య అతనిని సస్పెండ్ చేసింది. డొమినికన్ రిపబ్లిక్‌లో బేస్‌బాల్ జట్లు దశాబ్దాలుగా ఎదుర్కొంటున్న చిక్కు ఇదే. వయసు తక్కువ చూపితే ధర పెరిగే చోట ఈ ఒత్తిడి పేద కుటుంబాలపైనే పడుతుంది. ఎంపిక కాని కుర్రాడి చదువు ఏమవుతుందన్నది ఏ క్లబ్ లెక్కలోనూ కనిపించని ఖర్చు.

ముందున్న పరీక్ష

2024-25లో జంషెడ్‌పూర్ మధ్యేమార్గం ఎంచుకుంది. భారత కోచ్ ఖాలిద్ జమీల్ శిక్షణలో ఐదో స్థానం సాధించి సెమీఫైనల్‌కు, ఆపై సూపర్ కప్ ఫైనల్‌కు చేరింది. 2025 ఆగస్టులో జమీల్ జాతీయ జట్టు కోచ్‌గా నియమితులయ్యారు. భారీ పేర్లు లేకున్నా, సరైన స్థానంలో సరైన విదేశీయులు, వారి చుట్టూ స్థిరమైన దేశీయ బృందం ఉంటే జట్టు నిలబడగలదని ఆ సీజన్ చూపింది.

అదే ఏడాది లీగ్ వాణిజ్య హక్కుల ఒప్పందంపై అనిశ్చితితో 2025-26 సీజన్ వాయిదా పడింది. పలు క్లబ్‌లు కార్యకలాపాలు నిలిపివేశాయి. ఆదాయం తగ్గినప్పుడు విదేశీ ఒప్పందాన్ని ఒక సీజన్ మానుకున్నా మరుసటి ఏడాది మళ్లీ చేసుకోవచ్చు. ఒక ఏడాది అకాడమీలో ప్రవేశాలు ఆపితే ఆ వయసు పిల్లల తరం మళ్లీ దొరకదు. ఆ లోటు క్లబ్‌కు తెలిసేది ఆరేళ్ల తరువాత. అగ్రికో వంటి కాలనీల మైదానాలలో ఆడుతున్న పన్నెండేళ్ల కుర్రాడికి ఈ లెక్కలో చోటు ఉంటుందా లేదా అన్నది క్లబ్‌లు ఇప్పుడు తీసుకునే నిర్ణయాలపైనే ఆధారపడి ఉంది.