కింద

మధ్యాహ్నం మూడు. ఎండకు గద్వాల వీధులు మూగబోయాయి గానీ మీ ఇంట్లో మగ్గానికి కునుకు లేదు. గుంటలో కాళ్లు పెట్టుకుని నాయిన, పక్కన అన్న. మూడు నాడెలు ఆడుతున్నాయి. రెండంచులకు రెండు, నడిమి బట్టకు ఒకటి. ఆ చప్పుడు వింటూ పెరిగినదానివి, ఇప్పుడు అదే చప్పుడు వింటూ నిండు చూలుతో తల్లిగారింటి మంచం మీద ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకున్నావు. లోపల బిడ్డ మోకాలో మోచెయ్యో నీ పక్కటెముకకు ఆనించి పెట్టింది. ముంజేతుల నిండా శ్రీమంతానికి తొడిగిన పచ్చ గాజులు. నిన్నటితో 35 వారాలు నిండాయి.

పక్కింటి వదిన వచ్చి మంచం పట్టె మీద కూచుంది. చెల్లెలి కాన్పు ముచ్చట మొదలుపెట్టింది.

"కింద మొత్తం చినిగిందంట. ఎన్ని కుట్లేసిన్రో లెక్కే లేదంట. నెల దినాలు కూసోనీకె రాలేదు పాపం."

వంటింట్లోంచి అమ్మ గొంతు. "ఊకో పిల్లా, తొలుసూరుదాని ముందర ఏం మాటలవి!" తర్వాత నీకేసి, "ఏం కాదులే బిడ్డా. మేమంతా కనలేదా?"

ఏం కాదు. ఈ నెల రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నావో. అత్త అన్నది, మేనత్త అన్నది, మీ ఆయన ఫోన్లో అన్నాడు, ఆయనకైతే ఏం కాదన్నది నిజమే. ఏం కాదు అన్న ప్రతిసారీ నీకు ఏదో అవుతుందనే తెలుస్తోంది. ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఒంట్లో ప్రతి చోటుకూ పేరుంది. ముంజేతికుంది, చీలమండకుంది, మెడ వెనక గుంటకు కూడా ఉంది. ఆ ఒక్క చోటుకు మాత్రం "కింద" అనే దిక్కు తప్ప ఇంట్లో పలకదగ్గ పేరు లేదు. పేరే లేని చోట నొప్పి వస్తుందంటే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

మగ్గం ఆగింది. నాయిన లేచి కొంగు దగ్గర వేలితో తడుముతున్నాడు. గద్వాల చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు దారం, పట్టు దారం ఒకదాన్నొకటి మెలేసుకునే చోటును కుట్టు అంటారు. చీర విలువంతా ఆ కుట్టులోనే. అది గట్టిగా ఉంటే చీర నలభై ఏళ్లయినా విడదని నాయిన నమ్మకం. ఈ ఇంట్లో కుట్టు అంటే గౌరవం. అదే మాట రాత్రి ఒంటిగంటకు నిన్ను మంచం మీద లేపి కూచోబెడుతోంది.

చీకట్లో ఫోను వెలుగు. వదిన వెళ్తూ వెళ్తూ చెవిలో వేసిపోయిన మాట ఇంకా తిరుగుతోంది. "కర్నూలు పోయి ఆపరేషన్ చేపించుకో. కింద ఏం ముట్టుకోరు." అలా అనుకున్నదానివి నువ్వొక్కదానివే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5. దీనికి కారణాలు చాలా, అన్నీ ఆడవాళ్ల భయం మీదికి తోసెయ్యడం అన్యాయం. కానీ ఆ అంకెలో ఇలాంటి రాత్రులు కూడా ఉన్నాయి. పైగా ఆపరేషన్‌లోనూ కుట్లే కదా. కింద కాకపోతే పైన, ఒక పొర కాకపోతే ఇంకా ఎక్కువ పొరలకు. అది చెప్పేవాళ్లెవరు ఆ వేళలో?

పొద్దున పరీక్ష రోజు. 102 బండి వీధి చివర ఆగింది, ఆశా అక్క నీ కార్డు పట్టుకుని ముందు సీట్లో. ప్రభుత్వాసుపత్రి వరండాలో వరుసగా పొట్టలు. బరువు, బీపీ, రక్తం. పొట్ట మీద చల్లటి పరికరం పెట్టగానే బిడ్డ గుండె గుర్రం పరుగులా వినిపించింది. మంచం దిగబోతూ ఆగావు. సిస్టర్‌కు నలభై అయిదేళ్లుంటాయి, కళ్లద్దాలు ముక్కు చివరకు జారి ఉన్నాయి, మిడ్‌వైఫ్ శిక్షణ తీసుకున్న మనిషి. మన రాష్ట్రంలో 2017లో కరీంనగర్‌లో హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల చదువు మొదలుపెట్టాక ఇలాంటి వాళ్లు పెరిగారు.

"సిస్టర్..."

"చెప్పు తల్లీ."

"కింద... చినుగుతదా?"

ఆమె నవ్వలేదు. ఏం కాదు అనలేదు. స్టూలు జరుపుకుని నీ ఎదురుగా కూచుంది.

"చినగచ్చు. తొలి కాన్పుల చానామందికి ఎంతో కొంత చినుగుతది. ఎంత చినుగుతదనేదే అసలు సంగతి."

ఆ ఒక్క మాటకు నీ భుజాలు అంగుళం కిందికి దిగాయి. చిత్రం. చినుగుతుందని చెప్పినందుకు!

టేబుల్ మీదున్న గాజుగుడ్డను నాలుగు మడతలు వేసి చూపిస్తోంది. మొదటి రకం తోలు గీసుకున్నట్టు, చాలాసార్లు కుట్టే అవసరం కూడా రాదు. రెండో రకం తోలు కింద కండ దాకా పోతుంది, దానికి కుట్లు వేస్తారు, మానిపోతుంది. మూడో రకం వెనక ద్వారం చుట్టూ ఉండే బిగుతు కండను తాకుతుంది. నాలుగోది దాన్నీ దాటి లోపలి పొర దాకా. ఈ చివరి రెండూ పెద్దవి, డాక్టరే థియేటర్‌లో సరిచెయ్యాలి, కానీ అరుదు. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్క ప్రకారం మామూలు కాన్పయ్యే తొలిచూలు వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా గీతో చినుగో కోతో పడుతుంది. మూడు, నాలుగు రకాలు మాత్రం నూటికి ఆరుగురికి. పక్కింటి వదిన చెల్లెలి కథలో ఈ నాలుగు మడతలు లేవు. అక్కడ ఉన్నది "మొత్తం" అనే ఒక్క మాట.

"మరి కట్ పెడ్తరంట కదా?"

"అవసరముంటేనే. బిడ్డ గుండె తగ్గినా, మరీ బిగుసుకున్నా. తొలుసూరని అందరికీ పెట్టుడు పాత పద్ధతి." తొలిచూలు అనగానే కత్తెర తీయడం ఎన్నో చోట్ల ఇంకా అలవాటుగానే సాగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పుల మీద ఇచ్చిన సూచనల్లో అలవాటుగా కోత పెట్టొద్దని స్పష్టంగా రాసింది. వేడి గుడ్డ అద్దడం, చేతితో ఆపు ఇవ్వడం మేలని కూడా అందులోనే ఉంది.

అప్పుడు ఆమె నీ చెయ్యి తీసుకుని గాజులు గలగలలాడించింది.

"ఇవి తొడిగేటప్పుడు గాజులామె ఏమన్నది?"

"చెయ్యి వదులు చెయ్యమన్నది."

"బిగబడితే?"

"గాజు పగుల్తది. లేకుంటే చెయ్యి గీసుకుంటది."

"ఇంకేం చేసింది?"

"సబ్బు నీళ్లు రాసి, మెల్లమెల్లగ ఎక్కిచ్చింది."

"గంతే. తల వచ్చేటప్పుడు కూడా గట్లనే."

ఇంటికి పోయి చెయ్యాల్సిన పని కూడా చెప్పింది. చేతులు కడుక్కుని, గోళ్లు తీసేసుకుని, వాసన కలపని కొబ్బరినూనె బొటనవేళ్లకు రాసుకుని, ద్వారం లోపలికి అంగుళమున్నర దాకా పెట్టి, కిందికి, రెండు పక్కలకు మెల్లగా సాగదీయాలి. మంట మొదలయ్యేదాకా తెచ్చి అక్కడ ఆపాలి. నాలుగైదు నిమిషాలు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. 34, 35 వారాల తర్వాత ఇలా చేసిన తొలిచూలు వాళ్లకు కోతా కుట్లూ కొంత తగ్గుతాయని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. కొంతే. మంత్రం కాదు. ఉమ్మనీరు పోయాక, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు చెయ్యకూడదు.

ఆ రాత్రి స్నానాల గది గొళ్లెం పెట్టుకున్నావు. పీట మీద ఒక కాలు. నూనె గిన్నె గోడవారన. పందొమ్మిదేళ్లుగా నీదే అయిన ఒంట్లో నువ్వు ఎప్పుడూ తాకని చోటు. దొంగతనం చేస్తున్నట్టు గుండె కొట్టుకుంది. మొదటిరోజు అర నిమిషం కూడా కాలేదు, ఆపేశావు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండోసారి మంట దాకా తెచ్చావు, ఊపిరి వదులుతూ అక్కడే ఉన్నావు. మంట కాసేపటికి మెత్తబడింది. ఆ మంటతో పరిచయం అయింది, అంతే. దాని మీద గెలవలేదు.

ఒకరోజు నూనె తుడుచుకుంటుంటే ఎందుకో ఆలంపురం గుర్తొచ్చింది. ఏడో తరగతిలో బడి వాళ్లు తీసుకెళ్లారు. నవబ్రహ్మ ఆలయాలు, తుంగభద్ర, జోగులాంబ, పులిహోర. మ్యూజియంలో ఒక రాయి దగ్గర మగపిల్లలు కిసుక్కుమన్నారు, టీచరమ్మ "పదండి పదండి" అని ఆడపిల్లల వీపుల మీద చెయ్యేసి తోసేసింది. నువ్వు వెనక్కి తిరిగి చూశావు. తల ఉండాల్సిన చోట విచ్చిన తామర. మోకాళ్లు మడిచి, తొడలు పక్కలకు విప్పి, పాదాలు పైకి. చాళుక్యుల కాలపు శిల్పి ఎవడో సిగ్గుపడకుండా చెక్కిన తల్లి. కాన్పు భంగిమ అని కొందరు, కాదు సంతానం కోసం విచ్చుకున్న భూమి అని కొందరు పండితులు వాదించుకుంటారు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు ఆ రాతికి వెన్నా కుంకుమా పూసేవారట. ఇలాంటి శిల్పాలకు చదువుకున్నవాళ్లు స్థిరపరచిన పేరు లజ్జాగౌరి. లజ్జ రాతిదా, చూసేవాళ్లదా అని ఎవరూ అడిగినట్టు లేదు. నీ ఊరు ఉన్న జిల్లాకే జోగులాంబ పేరు పెట్టారు 2016లో. ఆ జిల్లాలోనే, ఆ రాతికి కాస్త దూరంలోనే, నీకు "కింద" తప్ప వేరే మాట లేదు.

39 వారాలు. తెల్లారుజామున నాలుగుకు నడుములోంచి మొదలైన నొప్పి పొట్ట చుట్టూ తిరిగి ముందుకొచ్చి ముడిపడింది. మధ్యాహ్నానికి అయిదు నిమిషాలకొకటి. 108 బండి. కాన్పుల గదిలో ఫినాయిల్ వాసన, ట్యూబులైటు సన్నటి రొద, పక్కన అమ్మ. సాయంత్రం ఆరుకు డ్యూటీ మారింది, అదే కళ్లద్దాల సిస్టర్ లోపలికొచ్చింది. అదృష్టం అనుకో.

"వెల్లకిల వద్దు. పక్కకు తిరుగు." ఎడమ పక్కకు తిప్పింది, పై కాలు అమ్మ పట్టుకుంది. ముక్కమన్నప్పుడు ముక్కావు. గంట గడిచింది. తల వస్తోంది, వెనక్కి పోతోంది, మళ్లీ వస్తోంది. వెనక్కి పోయినప్పుడల్లా నువ్వు ఓడిపోయావనుకుంటున్నావు. "వెనక్కి పోనీ, మంచిదే, మెల్లగ సాగుతది," అంటోందామె. కింద వేడినీళ్లలో పిండిన గుడ్డ అద్దింది. ఆ వెచ్చదనం ఎంత హాయి అంటే, నువ్వు నొప్పిలో ఉండి కూడా "ఇంకోసారి" అన్నావు.

అప్పుడు వచ్చింది మంట. నూనె గిన్నె రోజుల్లో తెలిసిన మంటే, కాకపోతే నూరంతలు. చుట్టూ నిప్పు గీత గీసినట్టు. చినుగుతున్నా, చినుగుతున్నా అని నీ నోట్లోంచి అరుపు. గాజులు మంచం ఇనుముకు కొట్టుకుని రెండు పగిలాయి. ముక్కాలని ఒళ్లంతా తోస్తోంది.

"ముక్కకు! ఆపు! వేడి చాయ ఊదినట్టు ఊదు... ఫూ ఫూ... నా దిక్కు చూడు. గాజు. గాజు తల్లీ."

చెయ్యి వదులు చెయ్యి. దవడ వదిలేశావు. తొడలు వదిలేశావు. ఊదావు. ఆమె ఒక అరచెయ్యి బిడ్డ తల మీద, ఇంకోటి నీ కింద ఆపుగా. గదిలో ఎవరూ పొట్ట మీద నొక్కడం లేదు, ఎవరూ అరవడం లేదు. ఊదావు. మంట ఒక్కసారిగా తిమ్మిరెక్కింది. తల బయటికొచ్చింది. తర్వాతి నొప్పికి భుజాలు, ఆ వెనక చేపలా జారి మొత్తం. వెచ్చగా, జిడ్డుగా నీ రొమ్ము మీద పడింది. ఆడపిల్ల. అమ్మ ఏడుస్తోంది, పక్క గదిలో ఎవరో నవ్వుతున్నారు, బయట గంట ఎనిమిది.

మాయ పడ్డాక సిస్టర్ లైటు దగ్గరికి లాక్కుని చూసింది. వెనక ద్వారంలోకి వేలు పెట్టి కూడా చూసింది, చెప్పే పెట్టింది. "రెండో రకం. కండ దాకా. వెనక మంచిగున్నది."

చినిగింది. అన్నీ చేశావు, అయినా చినిగింది. ఒక్క క్షణం మోసపోయినట్టు అనిపించింది. కానీ ఆ మాట చెవిన పడగానే నాలుగు మడతల గాజుగుడ్డ కళ్లముందు కదిలింది, రెండో మడత దగ్గర వేలు ఆగింది. మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంది. ఆ తర్వాత దారం లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. కరిగిపోయే దారం, తీయించుకునే పని లేదు. ఆమె తల వంచుకుని, అద్దాల్లోంచి చూస్తూ, ఒక్కో పొరను దాని జతతో కలుపుతోంది. నాయిన కొంగు దగ్గర వేలు పెట్టి తడుముతున్నప్పుడు మొహం ఇలాగే ఉంటుంది.

నాలుగో రోజు. ఇంట్లో పథ్యం గొడవ. కారం మెతుకులు తప్ప ఏం పెట్టొద్దని, నీళ్లు మితంగా తాగాలని మేనత్త. అలా చేస్తే మలబద్ధకమొచ్చి కుట్ల మీద ఒత్తిడి పడుతుందని, ఆకుకూర, బొప్పాయి, కడుపునిండా నీళ్లు ఇమ్మని సిస్టర్ అమ్మకు గట్టిగా చెప్పి పంపింది. జ్వరమొచ్చినా, చీము, దుర్వాసన ఉన్నా, మలం ఆగకపోయినా వెంటనే రమ్మంది. అమ్మ మధ్యేమార్గంగా తోటకూర వండింది, మేనత్త చూడకుండా చెంబెడు నీళ్లు మంచం కింద పెట్టింది. రోజూ రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కూచుంటున్నావు. కూచోనీకె వస్తోంది. కొంచెం పక్కకు ఒరిగి.

ఇక మిగిలింది ఒకటే. కాన్పు కంటే దీనికే ఎక్కువ భయపడుతున్నావని ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులుగా రాలేదు, ఇప్పుడొస్తోంది. పాపను అమ్మకిచ్చి గోడ పట్టుకుని నడిచావు. గొళ్లెం. మెత్తటి గుడ్డ మడిచి కుట్ల మీద ఆపుగా పట్టుకున్నావు, అది కూడా ఆమె చెప్పిందే. ముక్కలేదు. దవడ వదిలేశావు. ఊదావు. మగ్గం చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది.

తలుపు బయట అమ్మ నిలబడి ఉంది. చాలాసేపు ఏమీ అనలేదు.

"అయ్యిందా బిడ్డా?"

"అయ్యింది."