ఉత్పత్తి వేరియంట్

ఆన్‌లైన్ దుకాణాలలో ఒకే సరుకు పలు కొలతలలో, రంగులలో లేదా తూకాలలో లభించినప్పుడు, వాటిలో ప్రతి ఒక్క విడి రూపాన్ని వేరియంట్ అంటారు. తెలుగులో దీనిని రూపాంతరం అని చెప్పవచ్చును. రంగు, కొలత, తూకం, తయారైన దేశం వంటి, సరుకును వర్ణించే గుణాలను లక్షణాలు లేదా అట్రిబ్యూట్లు అంటారు. దుకాణపు కేటలాగును తయారు చేసేవారు మొట్టమొదట తేల్చుకోవలసినది, ఏ లక్షణం వేరియంట్‌ను పుట్టిస్తుంది, ఏది వర్ణనకు మాత్రమే పరిమితమవుతుంది అన్నది. ఇది తప్పితే నిల్వ లెక్కలు తప్పుతాయి, కొన్నవారికి ఒకటి బదులు మరొకటి చేరుతుంది.

లక్షణమా, వేరియంటా

కొనుగోలుదారు డబ్బు చెల్లించే ముందు తప్పనిసరిగా ఎంచుకోవలసినదీ, గోదాములో విడిగా లెక్కపెట్టవలసినదీ అయిన లక్షణమే వేరియంట్‌కు ఆధారమవుతుంది. ఉదాహరణకు ఆవకాయను 250 గ్రాములు, 500 గ్రాములు, 1 కిలో సీసాలలో, వెల్లుల్లి వేసి ఒక రకంగా, వేయకుండా మరొక రకంగా అమ్ముతున్నారనుకుందాం. ఇక్కడ తూకం, వెల్లుల్లి అనే రెండు లక్షణాల కలయికతో ఆరు వేరియంట్లు ఏర్పడతాయి. వెల్లుల్లి తినని కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఆ సంగతిని వర్ణనలో ఒక మూల వ్రాసి ఊరుకోవటం సరికాదు. ఇక నువ్వుల నూనె వాడారన్నది అన్ని సీసాలకూ సమానమే కాబట్టి అది కేవలం వర్ణన లక్షణం.

గోంగూర పచ్చడిని ఆవకాయకు వేరియంట్‌గా చేర్చరాదు. దానిని కోరేవారు వేరే పేరుతో వెదుకుతారు, దాని బొమ్మ, దినుసులు అన్నీ వేరు. గడువు తేదీ ఈ రెండు కోవలలోనూ చేరదు, అది తయారీ విడతకు సంబంధించినది. బహుమతి కాగితం చుట్టించటం వంటివి అదనపు సేవలు. వీటిని కూడా వేరియంట్లుగా పెట్టిన కేటలాగులు తక్కువేమీ కాదు, అలా చేసిన ప్రతిసారీ వేరియంట్ల సంఖ్య రెట్టింపవుతుంది.

గుర్తింపు సంఖ్యలు

నిల్వ ఎప్పుడూ వేరియంట్‌కే ఉంటుంది, మాతృ ఉత్పత్తికి ఉండదు. అందువలన ప్రతి వేరియంట్‌కూ దుకాణం తనదైన ఎస్‌కేయూ అనే సంకేతాన్ని ఇస్తుంది. అమ్మకం నిలిపివేసిన సరుకు సంకేతాన్ని కొత్త సరుకుకు మళ్ళీ వాడితే పాత బిల్లులు, వాపసులు కలగాపులగమవుతాయి. దీనికి తోడు జీఎస్1 సంస్థ నియమాల ప్రకారం తయారీదారు ఇచ్చే జీటిన్ సంఖ్య ఉంటుంది. బార్‌కోడ్ క్రింద కనిపించే 13 అంకెలు ఇవే. కొలత మారినా, రంగు మారినా ఈ సంఖ్య వేరుగా ఉండాలి. 890తో మొదలైతే సరుకు భారతదేశంలో తయారైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ సంఖ్యను జీఎస్1 భారతీయ విభాగం కేటాయించిందని మాత్రమే దాని అర్థం. కనుక తయారైన దేశాన్ని విడి లక్షణంగానే నమోదు చేయాలి.

కలయికల పెరుగుదల

ఒక కుర్తా 6 కొలతలలో, 8 రంగులలో, పొట్టి చేతులు, పొడుగు చేతులతో దొరికితే 96 కలయికలు వస్తాయి. మూడు రకాల బట్టలు చేర్చగానే అవి 288 అవుతాయి. తయారీదారు వీటన్నిటినీ కుట్టించడు. సాఫ్ట్‌వేర్ అన్ని కలయికలనూ ఒక్క మీటతో సృష్టించగలదు గానీ, లేనివాటిని తొలగించటం మనిషి పని. షాపిఫైలో చాలాకాలం ఒక ఉత్పత్తికి 3 ఎంపికలు, 100 వేరియంట్లు మాత్రమే ఉండేవి. 2025లో వేరియంట్ల పరిమితి 2,048కి పెరిగింది, ఎంపికలు మాత్రం మూడే. పాత పరిమితి వలన పలువురు వర్తకులు ఒక్కొక్క రంగును ఒక్కొక్క ఉత్పత్తిగా విడదీసుకున్నారు. రంగును బట్టి బొమ్మ మారే దుస్తుల విషయంలో ఆ పద్ధతి ఇప్పటికీ నప్పుతుంది.

సాఫ్ట్‌వేర్లలో అమరిక

2008లో వెలువడిన మజెంటోలో ప్రతి వేరియంటూ స్వయంగా ఒక సాధారణ ఉత్పత్తి. వాటన్నిటినీ కాన్ఫిగరబుల్ ఉత్పత్తి అనే తొడుగు ఒకచోట కలుపుతుంది. 2011లో వచ్చిన వూకామర్స్‌లో వేరియంట్లు మాతృ ఉత్పత్తి క్రింద పిల్లలుగా ఉంటాయి. అందులో లక్షణాన్ని చేర్చినంత మాత్రాన సరిపోదు, దానిని వేరియంట్లకు వాడవలెనని ప్రత్యేకంగా గుర్తు పెట్టాలి.

ధర, పన్ను

ధరను మాతృ ఉత్పత్తి వద్ద పెట్టి పన్నును కూడా అక్కడే బిగించటం భారతదేశంలో చిక్కు తెస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుండి ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు విలువ గల సిద్ధ దుస్తులపై జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంతకుముందు హద్దు 1,000 రూపాయలు, పై శ్రేణి 12 శాతం. ఒకే కుర్తాలో మధ్య కొలత 2,450 రూపాయలు, పెద్ద కొలత 2,600 రూపాయలు అయితే రెండింటికీ వేర్వేరు పన్ను పడుతుంది. కావున పన్ను శ్రేణి వేరియంట్ స్థాయిలో ఉండాలి.

చేనేత చీరలు, రంగుల పేర్లు

చీరకు కొలత ఎంపిక సాధారణంగా ఉండదు. మరమగ్గంపై ఒకే నమూనాను ఎనిమిది రంగులలో నేస్తే అవి వేరియంట్లే. పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ వంటి చోట్ల చేతితో నేసిన చీరలలో ఒక్కొక్కటి ఒకే ప్రతిగా ఉండటం కద్దు. అటువంటి చీరను నిల్వ ఒకటిగా విడి ఉత్పత్తిగానే పెట్టి, నేత ప్రాంతం, అంచు, జరీ, రంగు అనే లక్షణాలతో మిగిలినవాటికి ముడిపెట్టటం మేలు. వేరియంట్‌గా పెడితే అమ్ముడైన చీర బొమ్మ చూసి మరొక చీరను కొనే ప్రమాదం ఉన్నది.

లక్షణపు విలువలను ఎవరికి తోచినట్లు వారు టైపు చేయకుండా స్థిరమైన పట్టిక నుండి ఎంచుకోవాలి. గులాబీ, గులాబి, పింక్ అని మూడు విధాలుగా వ్రాస్తే వడపోతలో అవి మూడు రంగులవుతాయి. అలాగని వంకాయ రంగు, చిలకాకుపచ్చ, మామిడాకు పచ్చ వంటి పేర్లను వదలుకోనక్కరలేదు. వడపోతకు ఊదా, ఆకుపచ్చ అనే మూల రంగును ఒక లక్షణంగా, కొనేవారికి కనిపించే పేరును మరొక లక్షణంగా ఉంచితే సరిపోతుంది.