వంశవృక్షంలో రాయని మాట: వాసిరెడ్డి వారు, హబ్స్‌బర్గ్ వారు

మధిర నుండి పడమరగా బయలుదేరితే కొద్దిసేపటికే జగ్గయ్యపేట చేరుకుంటాము. ఒకప్పుడు ఇది బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరు మీద దీనికి జగ్గయ్యపేట అని నామకరణం చేశారు. తల్లి అచ్చమ్మ పేరిట కృష్ణకు ఆవల అచ్చంపేట వెలసింది. ఆ రోజులలో మధిర నిజాము ఏలుబడిలోనిది, జగ్గయ్యపేట కుంఫిణీ వారి పాలనలోనిది. రాజ్యాలు వేరైనా ఇరువైపుల ప్రజలు త్రాగినది ఒకే వానల నీరు, పడినది ఒకే కరువుల బాధ. అందుచేత పొరుగున వెలసి, మూడు తరాలైనా గడవకముందే కూలిన ఈ వైభవం మన చరిత్రే. వైద్యునిగా నాకు ఇందులో ఒక ఆరోగ్య పాఠం కనిపిస్తున్నది. దానిని మీ ముందుంచుతాను.

వైభవం

వేంకటాద్రి నాయుడు 1761లో జన్మించారు. చింతపల్లి వారి రాజధాని. కృష్ణకు రెండు దరులా వారి గ్రామాలుండేవి. 1788లో గుంటూరు సర్కారు కుంఫిణీ వశమైన పిమ్మట కుంఫిణీ అధికారులతో ఆయనకు పొసగలేదు. చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్టణం కట్టించారు. ఇళ్ళకు రాయి కోసం తవ్విస్తూ ఉండగా పాత దిబ్బలో చెక్కిన పాలరాళ్ళు బయటపడ్డాయి. అవి బౌద్ధ మహాస్తూపానివి. కాలిన్ మెకంజీ వాటిని చూడవచ్చినది 1797 ప్రాంతంలో. మంగళగిరిలోని పదకొండు అంతస్తుల గోపురం కూడా ఈ నాయుడు కట్టించినదే.

చెంచులను విందుకు పిలిచి వధింపజేశారనీ, ఆ పాపం ఆయనను జీవితాంతం వెంటాడిందనీ ఒక కథ ఈనాటికీ ప్రచారంలో ఉన్నది. దాతృత్వం గురించి చెప్పుకొనేటప్పుడు ఈ కథనూ మరువకూడదు.

వారసత్వం

నాయుడికి సంతానం కలుగలేదు. మొదట జగన్నాథబాబును, కొన్నేళ్ళకు రామనాథబాబును దత్తత తీసుకున్నారు. 1816లో ఆయన కన్నుమూయగానే ఇద్దరి నడుమ వ్యాజ్యం మొదలైంది. జగన్నాథబాబు గతించాక ఆయన భార్యలు కూడా కోర్టుకెక్కారు. వివాదం లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1846లో వెలువడిన 'రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ' తీర్పు హిందూ న్యాయశాస్త్రంలో నేటికీ ప్రసిద్ధం. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదని అది తేల్చింది. అయితే అప్పటికి పంచుకోవడానికి మిగిలింది స్వల్పం. ధనం కోర్టు ఖర్చులకు కరిగిపోయింది, శిస్తు బకాయిలు పేరుకొని సంస్థానం ప్రభుత్వపరమైంది.

ఇదే కాలంలో, 1832–33లో, నందన నామ సంవత్సరాన గుంటూరు సీమను డొక్కల కరువు కబళించింది. అప్పటి అంచనాల ప్రకారం ఐదు లక్షల జనాభాలో సుమారు లక్షన్నర మంది ప్రాణాలు కోల్పోయారు. వానలు లేకపోవడం ఒక కారణం మాత్రమే. గింజలు నిలువ ఉంచి సమయానికి పంచే చేయి లేకపోవడం మరొక కారణం. కరువులో మరణించేవారిలో అధికులు కేవలం ఆకలితో మరణించరు. పోషణ లేక క్షీణించిన దేహాన్ని కలరా, రక్తవిరేచనాలు, జ్వరాలు సులువుగా హరిస్తాయి. వారసులు తమ వంశం నిలుపుకోవడానికి పోరాడుతున్న వేళ, ఊళ్ళకు ఊళ్ళే వంశాలు లేకుండా పోయాయి. వారి పేర్లు ఏ తీర్పులోనూ లేవు. ఆ తరువాతి పాతికేళ్ళలోపే గోదావరి, కృష్ణా ఆనకట్టలు లేచాయి. కట్టించిన ప్రభుత్వానికి కరువు నేర్పిన పాఠం అది.

మరొక దారి: హబ్స్‌బర్గ్ వంశం

మనవారు దత్తతతో వంశం నిలుపుకోజూడగా, జర్మను భాషా ప్రాంతపు పురాతన రాజవంశం హబ్స్‌బర్గ్ వారు దగ్గరి వివాహాలను ఆశ్రయించారు. నేటి స్విట్జర్లాండులోని ఒక చిన్న కోట నుండి వారి పేరు వచ్చింది. 1273లో రుడాల్ఫ్ జర్మనుల రాజుగా ఎన్నికైనప్పటి నుండి వారి ప్రాబల్యం పెరిగింది. రాజ్యం ఇల్లు దాటిపోరాదని తరతరాలుగా మేనరికాలు, మేనమామ వివాహాలు చేసుకున్నారు. స్పెయిన్ శాఖలో రెండవ చార్లెస్ 1661లో జన్మించాడు. తల్లి స్వయానా తండ్రికి మేనకోడలు. బాల్యం నుండీ రోగగ్రస్తుడు, ఆలస్యంగా నడక, ఆలస్యంగా మాట. నిస్సంతుగా 1700లో మరణించాడు. సింహాసనం కోసం ఐరోపా అంతా పదమూడేళ్ళు యుద్ధం చేసింది. 2009లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు వారి వంశవృక్షాన్ని లెక్కగట్టి, తోడబుట్టిన వారికి కలిగే సంతానంలో ఎంత జన్యు సామ్యం ఉంటుందో అతనిలోనూ రమారమి అంతే ఉన్నదని తేల్చారు.

రాజ్యం పోకూడదని చేసుకున్న పెళ్ళిళ్ళే చివరకు రాజ్యాన్ని పోగొట్టాయి. మన ఇళ్ళలోనూ పొలం చీలిపోకూడదనే మాట మీద మేనరికాలు సాగుతూనే ఉన్నాయి. సాధారణంగా నూటికి రెండు, మూడు బిడ్డలలో కనిపించే పుట్టుకలోపాలు దగ్గరి సంబంధాలలో దాదాపు రెట్టింపు అవుతాయి. అంటే మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా బిడ్డలు రోగులవుతారని కాదు. అటువంటి జంటలలో అధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుతారు. అయినా తలసీమియా, పుట్టు చెవుడు వంటివి ఇంట్లో కనిపించినచో ముందుగా పరీక్ష అవసరం. తరతరాలుగా దగ్గరి పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాలలో జాగ్రత్త మరింత అవసరం.

మీరు చేయవలసినది

రాజుల వంశవృక్షాలలో పట్టాభిషేకాలు ఉంటాయి, రోగాలు ఉండవు. మీరు అందుకు భిన్నమైన వృక్షాన్ని రాయండి. మూడు తరాలు చాలు. తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామలు, మేనత్తలు, తోబుట్టువులు. ఎవరికి మధుమేహం, ఎవరికి గుండెపోటు, ఏ వయసులో వచ్చింది, ఎవరి బిడ్డలు చిన్ననాడే పోయారు, ఎవరిది దగ్గరి పెళ్ళి అన్నవి రాయండి. పెద్దలు ఉండగానే అడిగి తెలుసుకోండి. వారు వెళ్ళిపోయాక అడిగే వీలుండదు. ఆ కాగితాన్ని డాక్టరు వద్దకు తీసుకుని వెళ్ళండి. పెళ్ళి మాటలు మొదలయ్యేటప్పుడు జాతకాల ప్రక్కన దీనినీ ఉంచండి.

గోపురాలు నిలుస్తాయి, సంస్థానాలు పోతాయి. పిల్లలకు మనం ఇవ్వగల ఆస్తులలో వ్యాజ్యం లేకుండా పంచుకోగలది ఈ కాగితం ఒక్కటే.